అయిదో తరగతి పిల్లకు కొలెస్ట్రాల్ అట!

పోయిన దసరా సెలవులకు ముందు మిర్యాలగూడ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, బిడ్డకు కొలెస్ట్రాల్ ఉందట. గుడ్డు బంద్ చేయమన్నరు, నెయ్యి బంద్ చేయమన్నరు. పదేండ్ల పిల్లకు ఇదేం రోగమే?" అని. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. సంగతేంటంటే బడిలో ఎవరో హెల్త్ క్యాంప్ పెట్టారు, పిల్లలందరికీ వేలికి సూది గుచ్చి రక్తం చూశారు, తలా ఒక చీటీ చేతిలో పెట్టి ఇంటికి పంపారు. మా పిల్ల చీటీలో టోటల్ కొలెస్ట్రాల్ 182 అని రాసి, చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు. అంతకుమించి అందులో ఒక్క ముక్క లేదు. ఎవరికి చూపించాలి, మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించాలి, అసలు ఆ 182 ఎక్కువా కాదా, ఏమీ లేదు. గుడ్డు మానమన్నది కూడా క్యాంప్ వాళ్లు కాదు, పక్కింటాయన.

నేను డాక్టర్‌ను కాను. ల్యాబ్‌లో రక్తం పరీక్షలు చేసి రిటైరైనవాణ్ణి, నల్లగొండలోనే. కాబట్టి మందుల జోలికి ఎక్కువ పోను కానీ, బడి పిల్లలకు కొలెస్ట్రాల్ పరీక్ష అనే ఈ విషయంలో రెండు వేర్వేరు గొడవలు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి, వాటిని విడదీస్తే తప్ప ఎవరు ఏం చెప్తున్నారో అర్థం కాదు.

ల్యాబ్‌లో ఒక చిన్న దృశ్యం చెప్తాను. రక్తాన్ని మిషన్‌లో గిర్రున తిప్పితే ఎర్ర కణాలు అడుగున కూర్చుని, పైన సీరం తేలుతుంది. మామూలుగా అది లేత పసుపు రంగులో, తేటగా ఉంటుంది. కొందరిది మాత్రం పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది, అది చూడగానే ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు, బాగా ఎక్కువని మాకు తెలిసిపోతుంది. అయితే ఎల్‌డీఎల్, అంటే జనం చెడు కొలెస్ట్రాల్ అంటారే అది, 250 ఉన్నవాడి సీరం కూడా తేటగానే ఉంటుంది! కంటికి ఏమీ కనపడదు. మనిషి కూడా అంతే, బక్కగా, చలాకీగా, పొలం పని చేసుకుంటూ ఉంటాడు. ఈ రెండు సీరాలూ రెండు వేర్వేరు కథలు. పాల రంగుది ఎక్కువగా తిండి, బరువు, కదలకపోవడం నుంచి వచ్చేది. తేటగా ఉండేది, ఎల్‌డీఎల్ అంత ఎక్కువ ఉంటే, చాలావరకు పుట్టుకతో వచ్చేది. బడిలో పరీక్ష పెట్టాలా వద్దా అన్నప్పుడు ఏ కథ గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోవాలి.

పుట్టుకతో వచ్చేదాన్ని మొదటి కథగా చూద్దాం, దీనికి ఫ్యామిలియల్ హైపర్‌కొలెస్ట్రలేమియా అని పేరు, వంశపారంపర్య కొలెస్ట్రాల్ అనుకుందాం. మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులు చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కొలెస్ట్రాల్ మోసుకుని రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ రేణువులు లోడ్ లారీలు అనుకోండి. లివర్ మిల్లు. లారీ మిల్లు దగ్గర ఆగితే హమాలీలు సరుకు దించుకుంటారు, రోడ్డు ఖాళీ అవుతుంది. లివర్ కణాల మీద ఉండే ఎల్‌డీఎల్ రిసెప్టర్లే ఆ హమాలీలు. వీటిని కనిపెట్టి, పని విప్పి చెప్పినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లకు 1985లో నోబెల్ వచ్చింది. అమ్మ నుంచో నాన్న నుంచో ఒక చెడిపోయిన జన్యువు వస్తే హమాలీలలో సగం మంది పనికి రానట్టే. లారీలు రోడ్డు మీద బారులు తీరి నిలబడతాయి, ఏళ్ల తరబడి నిలబడి రక్తనాళాల గోడల్లోకి సరుకు కారుతుంది. బిడ్డ పుట్టిన రోజు నుంచే ఇది మొదలవుతుంది, నలభై ఏళ్లు వచ్చాక కాదు.

ప్రపంచం మొత్తం మీద సుమారు 250 మందిలో ఒకరికి ఇది ఉంటుందని ఇప్పటి అంచనా. ఈ లెక్కే మన దగ్గరా నిజమనుకుంటే, అయిదు వందల మంది చదివే హైస్కూల్లో ఇద్దరు. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి నల్లగొండ జిల్లా జనాభా 16 లక్షలకు పైనే, అంటే జిల్లాలో ఆరువేల మందికి పైగా. మందు లేకుండా వదిలేస్తే ఈ జన్యువు ఉన్న మగవాళ్లలో దాదాపు సగం మందికి 50 ఏళ్లలోపే గుండె రక్తనాళాల జబ్బు వస్తుంది, ఆడవాళ్లలో దాదాపు 30 శాతానికి 60 లోపు. మన ఊళ్లలో "మంచిగ ఉండె, పొద్దున లేచిండు, గ్యాస్ నొప్పి అన్నడు, దవాఖానకు పోయేలోపు పోయిండు" అని చెప్పుకునే ముప్పై అయిదు, నలభై ఏళ్ల చావుల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఎవరూ రక్తం చూసి ఉండరు. అన్నీ ఇవే అని నేననను, బీడీ, షుగర్, బీపీ కూడా ఉన్నాయి.

ఇంకో మాట, ఇది మన దగ్గర కాస్త గట్టిగా చెప్పుకోవాల్సింది. మేనరికం. అమ్మానాన్న ఇద్దరికీ ఒకే చెడ్డ జన్యువు ఉంటే బిడ్డకు రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అప్పుడు హమాలీలు దాదాపు ఒక్కరూ ఉండరు, ఎల్‌డీఎల్ 500 దాటిపోవచ్చు, చిన్నతనంలోనే మోకాళ్లు, మోచేతులు, పిరుదుల మీద పసుపురంగు గడ్డల్లాంటివి లేస్తాయి, యవ్వనం రాకముందే గుండెపోటు రావచ్చు. ఇది చాలా అరుదు, దాదాపు మూడు లక్షల మందిలో ఒకరికి అంటారు. కానీ మేనమామకో మేనత్త కొడుక్కో ఇచ్చే కుటుంబాల్లో ఆ అరుదు కొంచెం దగ్గరికి జరుగుతుంది. అలాంటి గడ్డల్ని చర్మరోగం అనుకుని లేపనాలు రాస్తూ తిరిగేవాళ్లుంటారు, రక్తం పరీక్ష చేయించాలని తోచదు.

సరే, ఇంత ముఖ్యమైతే పిల్లలందరికీ పరీక్ష చేసేయొచ్చు కదా? ఇక్కడే డాక్టర్లు రెండు వర్గాలు. 2011లో అమెరికాలో నిపుణుల సంఘం ఒకటి, పిల్లల డాక్టర్ల అకాడమీ మద్దతుతో, 9 నుంచి 11 ఏళ్ల మధ్య పిల్లలందరికీ ఒకసారి, 17 నుంచి 21 మధ్య ఇంకోసారి కొలెస్ట్రాల్ చూడండి అని చెప్పింది. అదే దేశంలో ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ అని ఇంకో సంఘం ఉంది, అది 2016లోనూ, మళ్లీ 2023లోనూ, లక్షణాలేమీ లేని పిల్లలందరికీ పరీక్ష చేస్తే మేలో కీడో తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవు అంది. చేయొద్దని కాదు, చేయమనీ కాదు. ఎందుకంటే పదేళ్ల పిల్లకు పరీక్ష చేస్తే ఆమెకు యాభై ఏళ్లు వచ్చేదాకా చూస్తే గానీ లాభం తెలియదు, అన్నేళ్లు నడిచే పరిశోధన ఎవరు చేస్తారు? మరోపక్క యూరప్‌లోని స్లొవేనియా, మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత ఉమ్మడి జిల్లాలు రెండూ కలిపినంత జనాభా కూడా లేని దేశం, 1995 నుంచే అయిదేళ్ల పిల్లలందరికీ బడిలో చేరకముందు చేసే ఆరోగ్య పరీక్షలో కొలెస్ట్రాల్ కూడా చేర్చేసింది.

తొమ్మిది నుంచి పదకొండు ఏళ్లే ఎందుకు అని నాకూ మొదట అర్థం కాలేదు. పిల్లలు ఈడుకు వచ్చేటప్పుడు ఎల్‌డీఎల్ దానంతటదే పది, ఇరవై శాతం పడిపోతుంది. ఆ సమయంలో పరీక్ష చేస్తే ఎక్కువ ఉన్నవాళ్లు కూడా మామూలుగా కనపడి తప్పించుకుంటారు. అందుకే దానికి ముందో, అంతా సర్దుకున్నాకో. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని వరసలో నిలబెట్టి కొలెస్ట్రాల్ చూసే క్యాంపులు ఈ ఒక్క కారణానికే సగం వృథా.

అందరికీ ఎందుకు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా అని అడిగి, ఉన్నవాళ్లకే చేస్తే పోదా? నేనూ ఇదే అనుకునేవాణ్ణి. అమెరికాలో వెస్ట్ వర్జీనియా అనే రాష్ట్రం ఉంది, బొగ్గు గనుల ప్రాంతం, పేదరికం, ఊబకాయం, గుండె జబ్బులు అన్నీ ఎక్కువ. అక్కడ 1998 నుంచి అయిదో తరగతి పిల్లలకు బళ్లలోనే రక్తం చూశారు. 2010లో 20,266 మంది పిల్లల వివరాలు బయటపెట్టారు. అందులో 5,798 మందికి కుటుంబంలో ఏ గుండె జబ్బు చరిత్రా లేదు, అంటే అప్పటి పద్ధతి ప్రకారం వాళ్లకు పరీక్షే అక్కర్లేదు. తీరా చూస్తే వాళ్లలో 548 మందికి కొవ్వుల లెక్క తప్పింది, 98 మందికి మందు గురించి ఆలోచించాల్సినంత ఎల్‌డీఎల్ ఉంది. ఆ 98 మందీ అడిగి వడపోసే పద్ధతిలో జారిపోయేవాళ్లే. మన దగ్గర ఈ అడిగే పద్ధతి ఇంకా బలహీనం. తాత ఎలా పోయాడంటే "పాణం బాగలేక పోయిండు" అంటారు. తల్లిదండ్రులకే ముప్పై, ముప్పై రెండు ఏళ్లు, వాళ్ల గుండెపోటు ఇంకా రాలేదు, చరిత్ర ఎక్కడి నుంచి వస్తుంది?

అయినా నేను, మన జిల్లాల్లో ఇప్పటికిప్పుడు ప్రతి బడిలో పిల్లలందరికీ సూది గుచ్చమని చెప్పను. ఇది విరుద్ధంగా అనిపించొచ్చు, కారణం చెప్తాను.

పరీక్ష చేయడం చాలా తేలిక, వేలిమీద చుక్క చాలు. ఆ తర్వాతిది కష్టం. 1968లోనే విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం, జనంలో జబ్బుల్ని వెతికే పనికి కొన్ని షరతులు రాశారు. దొరికినవాళ్లకు వైద్యం అందే ఏర్పాటు ఉండాలి, పరీక్ష ఒక్కసారి చేసి వదిలేసేది కాకూడదు, ఇవి అందులో ఉన్నవే. మా పిల్ల చీటీని ఈ షరతుల పక్కన పెట్టి చూడండి. పిల్లల్లో టోటల్ కొలెస్ట్రాల్ 170 లోపు మామూలు, 170 నుంచి 199 హద్దు మీద, 200 ఆపైన ఎక్కువ. ఎల్‌డీఎల్ 110 లోపు మామూలు, 130 ఆపైన ఎక్కువ. అంటే 182 అనేది హద్దు మీద ఉంది, దానికి ఎర్ర సున్నా చుట్టి పిల్లను ఏడిపించాల్సిన పని లేదు. దీనికి పూర్తి వ్యతిరేకమైన తప్పు కూడా జరుగుతుంది, అది మా ల్యాబ్ వాళ్లది. చాలా రిపోర్టుల్లో పక్కన అచ్చువేసే నార్మల్ లెక్కలు పెద్దవాళ్లవి, అందులో ఎల్‌డీఎల్ 135 ఉంటే బోర్డర్‌లైన్ అని ఉంటుంది, పదేళ్ల పిల్లకు అదే 135 ఎక్కువ కిందే లెక్క. పిల్లల రిపోర్ట్ చేతికొస్తే ఆ అచ్చు లెక్కలు చూడకండి.

ఇంకా, ఒక్క పరీక్షతో ఏదీ తేల్చకూడదు. జ్వరం వచ్చి తగ్గిన పిల్లకు లెక్కలు తారుమారవుతాయి. రెండు వారాల నుంచి మూడు నెలల తేడాలో ఇంకోసారి చేసి, రెండింటి సగటు చూడాలి. పరగడుపున రమ్మనడం బడి పిల్లల విషయంలో కష్టం కదా, మొదటిసారికి అదీ అక్కర్లేదు: టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ (జనం మంచి కొలెస్ట్రాల్ అనేది) తీసేస్తే వచ్చే నాన్-హెచ్‌డీఎల్ అన్నం తిన్నాక చూసినా నమ్మొచ్చు, అది 145 దాటితేనే పరగడుపు పరీక్షకు పంపాలి. అప్పుడూ ఎక్కువే వస్తే థైరాయిడ్ తక్కువ ఉందా, మూత్రంలో ప్రొటీన్ పోతోందా, షుగర్ ఉందా చూడాలి. వీటిలో ఏది ఉన్నా కొలెస్ట్రాల్ పెరగొచ్చు, అసలు జబ్బు వదిలేసి గుడ్డు మాన్పిస్తే ఏం లాభం? ఎల్‌డీఎల్ 190 దాటితే, లేదా 160 దాటి ఇంట్లో చిన్న వయసు గుండెపోటు కూడా ఉంటే వంశపారంపర్యమేమో అనుకోవాలి.

ఇదంతా ఎవరు చేస్తారు? మన బళ్లకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ బృందాలు 2013 నుంచి ఉన్నాయి, పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాహార లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఇలా ముప్పై రకాల సమస్యలు చూస్తారు. కొలెస్ట్రాల్ ఆ ముప్పైలో లేదు. లేకపోవడం తప్పని కూడా అనలేను, ఎందుకంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. దేవరకొండ తండాలోనో మక్తల్ పక్క ఊళ్లోనో ఒక్క రక్తపు చుక్క మాత్రమే తీసే అవకాశం ఉంటే నేను హిమోగ్లోబిన్ చూస్తాను.

ఇక రెండో కథ, ఆ పాల రంగు సీరం. 2016–18లో దేశమంతా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో పిల్లల రక్తంలో కొవ్వులూ చూశారు. టోటల్ కొలెస్ట్రాల్ ఎక్కువ ఉన్నవాళ్లు 5–9 ఏళ్లలో 3 శాతం, 10–19లో 4 శాతమే. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ ఉన్నవాళ్లు మాత్రం 5–9 ఏళ్లలో 34 శాతం, 10–19లో 16 శాతం! బక్క పిల్లలున్న దేశంలో ఇదెలా అంటే, మన తిండిలో కొవ్వు కంటే బియ్యం, చక్కెర, మైదా ఎక్కువ, మిగిలిన పిండిపదార్థాన్ని లివర్ కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. పాలమూరులో జొన్నరొట్టె తిన్న తాతల మనవలు పొద్దున చాయ్‌లో బిస్కెట్లు, మధ్యాహ్నం సన్నబియ్యం, సాయంత్రం బడి గేటు దగ్గర అయిదు రూపాయల ప్యాకెట్. దీనికి గుడ్డుతో ఏ సంబంధమూ లేదు. మధ్యాహ్న భోజనంలో వచ్చే గుడ్డు చాలామంది పిల్లలకు ఆ రోజు దొరికే ఒకే ఒక్క మంచి ప్రొటీన్, తినే కొలెస్ట్రాల్ వల్ల రక్తంలో పెరిగేది చాలామందిలో కొంచెమే. ఆ గుడ్డు మాన్పించి బిస్కెట్ ప్యాకెట్ వదిలేయడం అన్నిటికంటే తెలివితక్కువ పని.

ఈ రెండో కథకు అసలు రక్తం చూడక్కర్లేదని నా ఉద్దేశం. మా నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ బాధ తెలిసినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది? పిల్లల పళ్ల మీద గార ఎన్ని ఏళ్లు లెక్కపెట్టినా ఒక్క పన్ను బాగుపడలేదు, కృష్ణ నీళ్లు ఇంటికి వచ్చాకే తేడా వచ్చింది. ఇక్కడ నీళ్ల స్థానంలో తిండి ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న వాటిని బడిలోనూ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధన తెచ్చింది. మీ ఊరి బడి గేటు దగ్గర నిలబడి అడుగులు లెక్కపెట్టి చూడండి, నేను మా వీధిలో చూశాను, పన్నెండు అడుగులకు మొదటి బండి వచ్చింది. ఆ బండి అమ్మనూ తప్పుపట్టలేం, ఆమెకు అదే బతుకు.

కాబట్టి నాకు తోచేది ఇది. సూదిని మొదటి కథ కోసం దాచుకోవాలి, అదీ తెలివిగా వాడాలి. ముందు ఇంట్లో 55 లోపు మగవాళ్లకు, 65 లోపు ఆడవాళ్లకు గుండెపోటో, హఠాత్తు చావో జరిగిన కుటుంబాల పిల్లలను చూడాలి, వీళ్లకు రెండేళ్ల నుంచే చూడొచ్చు. చుట్టాల్లో ఒకరికి దొరికితే అక్కడి నుంచి తీగ లాగాలి: ఆ మనిషి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, సొంత పిల్లలు, ఒక్కొక్కరికీ సగం అవకాశం. గుండెపోటుతో వచ్చిన 40 ఏళ్ల మనిషిని డిశ్చార్జ్ చేసేటప్పుడు "మీ పిల్లలకు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించండి" అని కాగితం మీద ఒక్క లైను రాస్తే ఖర్చేముంది? నేను చూసిన డిశ్చార్జ్ కాగితాల్లో ఆ లైను ఒక్కసారీ లేదు. పరీక్షకు హైదరాబాద్ పోవాల్సిన పని కూడా లేదు, పీహెచ్‌సీలో రక్తం ఇస్తే శాంపిల్ జిల్లా కేంద్రంలోని తెలంగాణ డయాగ్నోస్టిక్స్ హబ్‌కు వెళ్తుంది, పైసా తీసుకోరు. ఈ తీగ లాగే పని అలవాటయ్యాక అప్పుడు అయిదో తరగతి పిల్లలందరి గురించి మాట్లాడుకోవచ్చు.

మందు మాటకొస్తే అందరూ భయపడేది దీనికే. ముందు ఆరు నెలలు తిండి, ఆట మార్చి చూస్తారు, అయినా ఎల్‌డీఎల్ దిగకపోతే ఎనిమిది, పదేళ్ల వయసు నుంచి స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మందు ఇస్తారు. అది చేసే పని తమాషాగా ఉంటుంది. లివర్ సొంతంగా కొలెస్ట్రాల్ తయారుచేసుకోవడాన్ని తగ్గిస్తుంది, సరుకు కరువైన మిల్లు ఉన్న జన్యువుతోనే ఇంకొంతమంది హమాలీలను పిలుచుకుంటుంది. నెదర్లాండ్స్‌లో ఇలా చిన్నప్పుడే మందు మొదలుపెట్టిన 214 మందిని 20 ఏళ్లు గమనించి 2019లో చెప్పారు: 39 ఏళ్లు వచ్చేసరికి వీళ్లలో గుండె సమస్య వచ్చినవాళ్లు ఒక శాతం, అదే జన్యువు ఉండి ఆ వయసులో మందు దొరకని వాళ్ల తల్లిదండ్రుల్లో 26 శాతం. జీవితాంతం వాడాలి, మధ్యమధ్య లివర్ పరీక్ష చేయించాలి, ఆడపిల్లలకు పెద్దయ్యాక గర్భం అనుకుంటే ముందే డాక్టర్‌కు చెప్పి ఆపే విషయం మాట్లాడుకోవాలి. ఆడపిల్ల అంటే గుర్తొచ్చింది, "గుండె రోగం పిల్ల" అని పేరు పడితే సంబంధాలు రావేమో అని దాచిపెట్టే తల్లులుంటారు, వాళ్లను నేను తప్పుపట్టను. బడిలో అందరి ముందు చీటీలు పంచకూడదు అనేది అందుకే.

మా తమ్ముడి బిడ్డకు ఆరు వారాలాగి పరగడుపున పూర్తి పరీక్ష చేయించాం. టోటల్ 174, హెచ్‌డీఎల్ 48, ట్రైగ్లిజరైడ్లు 96, లెక్క వేస్తే ఎల్‌డీఎల్ 107. బిస్కెట్లు తగ్గించి, సాయంత్రం తొక్కుడుబిళ్ల ఆడుకుంటే చాలు. గుడ్డు తిరిగొచ్చింది.

కానీ ఆ ఆరు వారాల్లో నేను మా మరదలిని కూర్చోబెట్టి, మీవాళ్లలో ఎవరైనా చిన్నప్పుడే పోయారా అని అడిగాను. వాళ్ల అన్న మహారాష్ట్రలోని భివండీలో పోయాడు, 38 ఏళ్లు, నైట్ డ్యూటీలో ఛాతీలో మంట అన్నాడట, సోడా తాగించారట. పెళ్లైనప్పటి నుంచి ఆ సంగతి మాకు తెలుసు, ఎవరమూ దాన్ని పిల్లల రక్తంతో కలిపి చూడలేదు. మరదలికి రక్తం పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ 214. సీరం నీళ్లంత తేటగా ఉంది. ఆమెకు మందు మొదలైంది. పెద్దదానికి రాలేదనే అనిపిస్తోంది, ఇక చిన్నోడు మిగిలాడు, ఆరేళ్లు. సంక్రాంతి పోయాక పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి, సూది అంటే వాడికి చచ్చేంత భయం, అప్పుడే వాళ్ల అక్క వేలికి గుచ్చినట్టే గుచ్చుతారని అబద్ధం చెప్పి పెట్టింది.